డబుల్స్ మహారాణి ఎలిజబెత్ రయాన్

మన బడి పిల్లల్లో ఆనహైమ్ పేరు తెలియని వాళ్ళు ఉండరు. డిస్నీల్యాండ్ ఉన్నది అక్కడే కదా! ఇండియా నుంచి అమ్మమ్మ, తాతయ్య వచ్చారంటే ఆ ఊరికి ఒక ప్రయాణం తప్పదు. అయితే ఈ వ్యాసం మిక్కీ మౌస్ గురించి కాదు. డిస్నీల్యాండ్ 1955లో తెరిచారు. అంతకు 63 ఏళ్ళ ముందు, 1892 ఫిబ్రవరిలో, అదే ఊళ్ళో ఒక అమ్మాయి పుట్టింది. అప్పటికి ఆనహైమ్ చిన్న ఊరు. జర్మనీ నుంచి వలస వచ్చినవాళ్ళు 1857లో ద్రాక్ష తోటలు వేసుకుని కట్టుకున్న ఊరు అది. 1880లలో తెగులు సోకి ఆ తోటలన్నీ ఎండిపోతే, ద్రాక్ష పీకేసి నారింజ వేసుకున్నారు. ఆ నారింజ తోటల రోజుల్లో పుట్టిన ఆ అమ్మాయి పేరు ఎలిజబెత్ రయాన్. స్నేహితులు ముద్దుగా బన్నీ అని పిలిచేవారు.

వింబుల్డన్‌లో ఈమె గెలిచిన టైటిళ్ళు 19. అందులో 12 మహిళల డబుల్స్, 7 మిక్స్‌డ్ డబుల్స్. సింగిల్స్ ఒక్కటి కూడా లేదు. వింబుల్డన్‌లోనే కాదు, ఏ పెద్ద పోటీలోనూ లేదు.

టెన్నిస్ ఆడే పిల్లలున్న ఇళ్ళలో ఒక సంగతి అనుభవమే. హైస్కూల్ జట్టు ఎంపిక అయిన రోజు సాయంత్రం పిల్ల కారెక్కగానే, సింగిల్సా, డబుల్సా అని అడుగుతాం. డబుల్స్ అనగానే, పోనీలే, వచ్చే ఏడు చూద్దాం అని ఓదారుస్తాం. అప్పటిదాకా ఆ పిల్లకి బాధ లేకపోయినా మన ఓదార్పుతో మొదలవుతుంది! ఆ ఓదార్పు నిజంగా అవసరమా అన్న ప్రశ్న మాలో కొందరికి చాలాకాలంగా ఉంది. అందుకే ఈసారి సంచికకు రయాన్ జీవితాన్ని ఎంచుకున్నాం.

ఆమెకు 13 ఏళ్ళు వచ్చేసరికి, అంటే 1905లో, మే సటన్ అనే అమ్మాయి వింబుల్డన్ సింగిల్స్ గెలిచింది. ఇంగ్లండులో పుట్టి, చిన్నప్పుడే కుటుంబంతో దక్షిణ కాలిఫోర్నియాకు వచ్చి, ఇక్కడే ఆట నేర్చుకున్న పిల్ల ఆమె. అమెరికా తరఫున ఆ కప్పు గెలిచిన మొదటి క్రీడాకారిణి. రయాన్ సరిగ్గా దీనికి ఎదురు దారిలో వెళ్ళింది. కాలిఫోర్నియాలో ఆట నేర్చుకుని, 1912లో, 20 ఏళ్ళ వయసులో ఇంగ్లండు చూడడానికి ఓడెక్కింది. చూసి వద్దామని వెళ్ళింది, ఉండిపోయింది. రెండేళ్ళు ఉద్యోగం చేసి వెళ్ళిపోదాం అనుకుని వచ్చి ఇక్కడే ఇళ్ళు కొనుక్కున్న మనకి ఈ సంగతి ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

ఇక ఆమె ఆట. ఇది కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే తర్వాతి కథంతా దీని మీదే నడుస్తుంది.

టెన్నిస్ కోర్టు పొడవు 78 అడుగులు. సింగిల్స్‌కి వెడల్పు 27 అడుగులు, డబుల్స్‌కి 36. అంటే మనుషులు రెట్టింపు అవుతారు గానీ స్థలం మూడో వంతే పెరుగుతుంది. కాబట్టి డబుల్స్‌లో ఎంత గట్టిగా కొట్టినా బంతికి ఎవరో ఒకరు అడ్డం ఉంటారు. గట్టిగా కొట్టడం కన్నా, ఎదుటివాళ్ళు బంతిని పైకి లేపక తప్పని పరిస్థితి తేవడం ముఖ్యం. బంతి నెట్టు పైన ఎత్తుగా లేచిందంటే, నెట్టు దగ్గర నిలబడ్డ మనిషి దాన్ని కిందికి కొట్టేస్తుంది. పాయింటు అయిపోతుంది.

రయాన్ ఆయుధం ఆ కాలంలో చాప్ అని పిలిచే దెబ్బ. రాకెట్‌ని పైనుంచి కిందికి, కత్తితో కాయ తరిగినట్టు తెచ్చి బంతిని కొడితే, బంతి వెనక్కి తిరుగుతూ ముందుకు వెళ్తుంది. సిమెంటు మీద దాని సంగతి వేరు గానీ, పచ్చిక మీద పడితే అది పైకి లేవదు. జారుకుంటూ చీలమండ ఎత్తులో పోతుంది. దాన్ని తిరిగి కొట్టాలంటే వంగి, కింద నుంచి పైకి లేపాల్సిందే. అలా లేచిన బంతి కోసం రయాన్ నెట్టు దగ్గర సిద్ధంగా ఉండేది. ఆడవాళ్ళు చీలమండ దాకా గౌన్లు వేసుకుని వెనక గీత దగ్గరే నిలబడి ఆడే రోజుల్లో, బంతి నేలను తాకకముందే గాలిలోనే కొట్టే వాలీని ఆమె తన సొంతం చేసుకుంది. మనిషి గట్టి పిండం, కొంచెం పొట్టిగా దిట్టంగా ఉండేది. పరుగు కన్నా నిలబడే చోటు ముఖ్యమైన ఆట డబుల్స్. ఎక్కడ నిలబడాలో ఆమెకు తెలిసినంత బాగా తెలిసినవాళ్ళు అరుదు.

1914లో మొదటి వింబుల్డన్ డబుల్స్ టైటిల్ వచ్చింది. అప్పుడు రయాన్‌కి 22 ఏళ్ళు, ఆమె జోడీ అగాథా మోర్టన్ అనే ఇంగ్లీషు ఆవిడకు 42. పిన్నీ కూతుళ్ళు ఆడినట్టు ఉండి ఉంటుంది చూసేవాళ్ళకి. అదే ఏడు రష్యా వెళ్ళి అక్కడి సింగిల్స్ పోటీ గెలిచింది. జార్ చక్రవర్తుల రష్యాలో జరిగిన చివరి టెన్నిస్ ఛాంపియన్‌షిప్ అదే. ఆ వేసవిలోనే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. 1915 నుంచి 1918 దాకా వింబుల్డన్ జరగలేదు. రయాన్‌కి 23 నుంచి 26 ఏళ్ళ వయసు. ఆటగాళ్ళకు పండిన వయసు అది. అది అలా వెళ్ళిపోయింది.

1919లో వింబుల్డన్ మళ్ళీ మొదలయ్యేసరికి ఫ్రాన్సు నుంచి ఒక పిడుగు వచ్చి పడింది. పేరు సుజాన్ లెంగ్లెన్, వయసు 20. మోచేతులు కనబడే పొట్టి గౌను వేసుకుని, నాట్యం చేస్తున్నట్టు గెంతుతూ ఆడేది. ఆమె ఆట చూడడానికి జనం ఎంతగా ఎగబడ్డారంటే, 1922లో వింబుల్డన్ పాత చోటు వదిలి ఇప్పుడున్న పెద్ద ఆవరణకు మారడానికి అది కూడా ఒక కారణమని చెబుతారు. ఆ లెంగ్లెన్‌కి డబుల్స్ జోడీ మన రయాన్. 1919, 1920, 1921, 1922, 1923, మళ్ళీ 1925. ఆరు టైటిళ్ళు. 1924లో లెంగ్లెన్ జబ్బు పడి మధ్యలో తప్పుకోవడం వల్ల ఒక ఏడు తప్పింది. అంతేగానీ వింబుల్డన్‌లో ఈ ఇద్దరూ కలిసి ఆడి ఓడిన మ్యాచ్ ఒక్కటి కూడా లేదు.

లెంగ్లెన్ వల్ల గెలిచారు, రయాన్‌దేముంది అనేవాళ్ళు అప్పుడూ ఉండి ఉంటారు, ఇప్పుడూ ఉంటారు. దానికి జవాబు 1926లో దొరికింది. అది తర్వాత చెప్పుకుందాం.

అప్పట్లో వింబుల్డన్‌లో ఒక పద్ధతి ఉండేది. నిరుడు గెలిచినవాళ్ళు ఈ ఏడు పోటీలన్నీ ఆడక్కర్లేదు. మిగతావాళ్ళందరూ ఆడి, అందులో నెగ్గినవాళ్ళు వచ్చి పాత విజేతతో ఒక్క మ్యాచ్ ఆడాలి. 1921లో అలా అందరినీ ఓడించి లెంగ్లెన్ ముందుకు వచ్చి నిలబడింది రయాన్. 6-2, 6-0తో ఓడిపోయింది. అదే సంవత్సరం, అదే లెంగ్లెన్ పక్కన నిలబడి డబుల్స్ గెలిచింది. రాండాల్ఫ్ లైసెట్‌తో మిక్స్‌డ్ కూడా గెలిచింది. 1924లో క్వార్టర్ ఫైనల్‌లో మళ్ళీ వాళ్ళిద్దరూ ఎదురుపడ్డారు. ఈసారి రయాన్ రెండో సెట్టు 8-6తో లాక్కుంది. లెంగ్లెన్ దగ్గర సెట్టు గెలవడమంటే ఆ రోజుల్లో పేపర్లలో పడే వార్త. మూడో సెట్టు మాత్రం 6-4తో చేజారింది.

ఇప్పుడు 1926కి వద్దాం. ఒక మనిషి బతుకులో ఇన్ని జరిగిన ఏడు ఇంకొకటి ఉంటుందా అనిపిస్తుంది.

వింబుల్డన్ మొదలై అప్పటికి సరిగ్గా 50వ సారి కాదు గానీ, 1877 నుంచి లెక్కేసుకుని స్వర్ణోత్సవం చేశారు. ఆ ఏడు ఫ్రెంచి టెన్నిస్ సంఘం వాళ్ళు లెంగ్లెన్‌ని ఒక ఫ్రెంచి అమ్మాయితోనే డబుల్స్ ఆడమన్నారు. అలా దీదీ వ్లాస్టో అనే అమ్మాయి జోడీ అయింది. ఆరుసార్లు కలిసి గెలిచిన రయాన్‌కి జోడీ లేకుండా పోయింది. ఆమె మేరీ బ్రౌన్ అనే కాలిఫోర్నియా క్రీడాకారిణితో జత కట్టింది. బ్రౌన్‌ది వెంచురా, రయాన్‌ది ఆనహైమ్. మనం వారాంతంలో కారేసుకుని తిరిగి వచ్చేంత దూరం. చీట్లు తీస్తే మొదటి వారంలోనే ఎవరికి ఎవరు తగిలారో ఊహించండి. అటు లెంగ్లెన్, వ్లాస్టో. ఇటు రయాన్, బ్రౌన్.

ఆ మ్యాచ్‌కి ముందు పెద్ద గలాటా జరిగింది. ఆ బుధవారం క్వీన్ మేరీ ఆట చూడడానికి వచ్చి కూర్చుంది. లెంగ్లెన్‌కి ఆ రోజు ముందు సింగిల్స్, తర్వాత డబుల్స్ పెట్టారు. సింగిల్స్ వేళ సంగతి తనకు సరిగ్గా చెప్పలేదని ఆమె పట్టుబట్టింది. ఆలస్యంగా వచ్చింది. నిర్వాహకులు మందలించేసరికి డ్రెస్సింగ్ రూమ్‌లోకి వెళ్ళి ఏడుస్తూ కూర్చుంది. మహారాణి ఎదురుచూసి ఎదురుచూసి వెళ్ళింది. ఆటలు వాయిదా వేశారు. మర్నాడు డబుల్స్ మ్యాచ్ ఆడారు. మొదటి సెట్టు ఫ్రెంచి జంటది. రెండో సెట్టులో వాళ్ళు మ్యాచ్ పాయింటు దాకా వచ్చారు. అక్కడినుంచి రయాన్, బ్రౌన్ ఆ సెట్టుని 9-7తో లాగేసుకుని, మూడోదీ గెలిచారు. అంతటితో ఆగలేదు, ఫైనల్ కూడా గెలిచి కప్పు తీసుకున్నారు. లెంగ్లెన్ మిగతా పోటీల నుంచి తప్పుకుంది. వింబుల్డన్‌లో మళ్ళీ ఆడలేదు.

ఎవరి వల్ల ఎవరు గెలిచారు అన్న ప్రశ్నకు ఇంతకన్నా స్పష్టమైన లెక్క ఉండదనుకుంటాం. జంట విడిపోయింది, ఎదురెదురుగా నిలబడింది, రయాన్ ఉన్న వైపు గెలిచింది. అలాగని లెంగ్లెన్ గొప్పతనం తగ్గించి చెప్పడం లేదు. ఆమె జబ్బుగా, కోపంగా ఉన్న వారం అది. అయినా మ్యాచ్ మ్యాచే.

అదే ఏడు వేసవి చివర రయాన్ అమెరికా వచ్చి జాతీయ ఛాంపియన్‌షిప్ ఆడింది. డబుల్స్ ఎలినార్ గాస్‌తో గెలిచింది. మిక్స్‌డ్ ఫ్రాన్సు ఆటగాడు జాన్ బొరోత్రాతో గెలిచింది. సింగిల్స్ ఫైనల్‌కి కూడా వచ్చింది. ఎదురుగా మోలా మాలరీ, నార్వే నుంచి వలస వచ్చి అమెరికాలో స్థిరపడ్డ క్రీడాకారిణి, వయసు 42. ఒకరు అమెరికా వదిలి వెళ్ళిన మనిషి, ఇంకొకరు అమెరికాకు వచ్చిన మనిషి. న్యూయార్క్ ఫారెస్ట్ హిల్స్‌లో ఆ ఆట జరిగింది. మొదటి సెట్టు రయాన్‌ది. రెండోది మాలరీది. మూడో సెట్టులో రయాన్ 4-0తో ముందుంది. ఇంకో రెండు గేములు గెలిస్తే చాలు. మాలరీ ఒక్కొక్కటే వెనక్కి తెచ్చుకుంది. తర్వాత రయాన్‌కి మ్యాచ్ పాయింటు కూడా వచ్చింది. అంటే ఇంకొక్క బంతి. అదీ పోయింది. 9-7తో మాలరీ గెలిచింది. నోటిదాకా వచ్చిన ముద్ద జారిపోవడమంటే ఇదే. అప్పటికి రయాన్‌కి 34 ఏళ్ళు.

ఎందుకు గెలవలేకపోయింది? ఈ విషయంలో మా అభిప్రాయం ఒకటి చెబుతాం. ఆమె చాప్ దెబ్బ నెమ్మదిగా వెళ్తుంది. డబుల్స్‌లో ఆ నెమ్మది మంచిదే, నెట్టు దగ్గరకు పరుగెత్తే సమయం ఇస్తుంది. సింగిల్స్‌లో అదే నెమ్మది ఎదుటిమనిషికి కూడా సమయం ఇస్తుంది. గురి చూసి పక్కనుంచి కొట్టేస్తే కోర్టులో రెండో మనిషి లేదు. ఇంకో కారణం ఆమె చేతిలో లేనిది. 1919 నుంచి 1938 దాకా 20 వింబుల్డన్‌లు జరిగితే, మహిళల సింగిల్స్‌లో 14 ఇద్దరే గెలిచారు. ఆరు లెంగ్లెన్, ఎనిమిది హెలెన్ విల్స్. ఆ ఇద్దరూ రయాన్ డబుల్స్ జోడీలే!

హెలెన్ విల్స్‌ది కూడా కాలిఫోర్నియానే, బర్క్‌లీ. గెలిచినా ఓడినా ముఖంలో ఏమీ కనబడనిచ్చేది కాదు. లెంగ్లెన్‌కి పూర్తి వ్యతిరేకం. ఇద్దరితోనూ సర్దుకుపోయిన మనిషి రయాన్ ఒక్కతే అయి ఉండాలి. 1927లో విల్స్‌తో డబుల్స్ గెలిచింది. 1930లో 38 ఏళ్ళ వయసులో రయాన్ మళ్ళీ వింబుల్డన్ సింగిల్స్ ఫైనల్‌కి వచ్చింది. ఎదురుగా విల్స్, అప్పటికి పెళ్ళయి విల్స్ మూడీ. 6-2, 6-2. అదే ఏడు వాళ్ళిద్దరూ కలిసి డబుల్స్ గెలిచారు. 1921లో లెంగ్లెన్‌తో ఏం జరిగిందో 1930లో విల్స్‌తో అచ్చం అదే జరిగింది. సింగిల్స్‌లో తనను ఓడించిన మనిషి పక్కనే నిలబడి, ఆ మనిషి చేజార్చిన బంతులకు కాపలా కాయడం. దీనికి ఎంత నిబ్బరం కావాలో, ఆఫీసులో ప్రమోషన్ తప్పిపోయి, అది వచ్చిన సహోద్యోగితోనే మర్నాటి నుంచి ఒకే ప్రాజెక్టులో పనిచేసిన వాళ్ళకు తెలుస్తుంది.

జోడీల సంగతి ఇంకొంచెం చెప్పాలి. వింబుల్డన్‌లో ఆమెతో కలిసి టైటిల్ గెలిచిన ఆడవాళ్ళు అయిదుగురు, మగవాళ్ళు అయిదుగురు. మోర్టన్, లెంగ్లెన్, బ్రౌన్, విల్స్, చివర్లో ఫ్రాన్సుకు చెందిన సిమోన్ మాథ్యూ. మిక్స్‌డ్‌లో లైసెట్‌తో మూడుసార్లు, అమెరికా వాడు ఫ్రాంక్ హంటర్‌తో 1927లో, దక్షిణాఫ్రికా వాడు ప్యాట్రిక్ స్పెన్స్‌తో 1928లో, ఆస్ట్రేలియా వాడు జాక్ క్రాఫర్డ్‌తో 1930లో, స్పెయిన్ వాడు ఎన్రిక్ మైయర్‌తో 1932లో. పదిమంది మనుషులు, ఆరు దేశాలు. మన సంగీత కచేరీల్లో మంచి మృదంగ విద్వాంసుడు ఎలాగైతే ఏ గాయకుడు ఎక్కడ ఆగుతాడో, ఎక్కడ వేగం పెంచుతాడో పసిగట్టి వాయిస్తాడో, అలాంటి విద్య ఇది. పక్కవాద్యం అని పిలుస్తాం గానీ, అది తప్పిందంటే కచేరీ నిలబడదు. హైదరాబాదులో పెరిగిన సానియా మీర్జా మార్టినా హింగిస్‌తో కలిసి 2015లో వింబుల్డన్ మహిళల డబుల్స్ గెలిచినప్పుడు మన ఇళ్ళలో ఎంత సంబరపడ్డామో గుర్తు తెచ్చుకోండి. సానియా ముంజేతి బలంతో కొట్టే ఫోర్‌హ్యాండ్ వెనక నుంచి, హింగిస్ చాకచక్యం నెట్టు దగ్గర నుంచి. అమరిక కుదరడమంటే అది. రయాన్‌కి అది పదిమందితో కుదిరింది.

మాథ్యూతో 1933లోనూ 1934లోనూ గెలిచింది. ఈ మాథ్యూ తర్వాత రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు విముక్తి కోసం మహిళా స్వచ్ఛంద దళాన్ని నడిపింది. ఇప్పుడు పారిస్ రోలాండ్ గారోస్‌లో ఒక కోర్టుకు ఆమె పేరు, ఇంకో కోర్టుకు లెంగ్లెన్ పేరు ఉన్నాయి. రయాన్ ఆ రోలాండ్ గారోస్‌లో కూడా విల్స్‌తో రెండు, మాథ్యూతో రెండు డబుల్స్ టైటిళ్ళు గెలిచింది. అమెరికాలో డబుల్స్ ఒకటి, మిక్స్‌డ్ రెండు. వింబుల్డన్‌తో కలిపి పెద్ద పోటీల్లో మొత్తం 26. చిన్నా పెద్దా పోటీలన్నీ కలిపితే ఆమె గెలుపులు ఆరు వందలు దాటతాయని లెక్కగట్టారు. చలికాలం ఫ్రాన్సు దక్షిణ తీరంలో, వేసవి ఇంగ్లండు పచ్చికల మీద, వారానికో ఊరు.

పిల్లలకు ఒక సందేహం రావచ్చు. ఇన్ని గెలిస్తే ఎంత డబ్బు వచ్చింది? ఏమీ రాలేదు. అప్పుడు వింబుల్డన్ లాంటి పోటీలు అమెచ్యూర్లకే. గెలిచినవాళ్ళకు కప్పు ఇస్తారు, చప్పట్లు కొడతారు, డబ్బు ఇవ్వరు. డబ్బు తీసుకుని ఆడినా, చివరికి ఫీజు తీసుకుని పిల్లలకు పాఠం చెప్పినా ప్రొఫెషనల్ అని ముద్ర వేసి, ఇక ఆ గేటు లోపలికి రానిచ్చేవారు కాదు. వింబుల్డన్‌లో బహుమతి డబ్బు మొదలైంది 1968లో. అప్పుడు కూడా మగవాళ్ళ సింగిల్స్‌కి 2,000 పౌండ్లు, ఆడవాళ్ళకు 750. లెంగ్లెన్ 1926 గొడవ తర్వాత ప్రొఫెషనల్ అయి అమెరికా అంతా తిరిగి ఆడింది. ఆ పర్యటనలో ఆమె ఎదురు మనిషి ఎవరో తెలుసా? రయాన్‌తో కలిసి ఆమెను ఓడించిన ఆ మేరీ బ్రౌనే. సింగిల్స్‌లో 38 మ్యాచ్‌లు ఆడితే బ్రౌన్ 38 ఓడింది. రయాన్ మాత్రం అప్పుడు వెళ్ళలేదు. ఇంకా ఎనిమిదేళ్ళు ఆ గేటు లోపలే ఉండి, 1934లో మాథ్యూతో 19వ కప్పు గెలిచాక, ప్రొఫెషనల్ అయి పాఠాలు చెప్పే పనిలోకి వెళ్ళింది. అప్పుడామె వయసు 42. మొదటి కప్పు గెలిచిన నాడు మోర్టన్ వయసు ఎంతో, అంత. పక్కనున్న మాథ్యూకి 26.

తర్వాతి కాలమంతా లండన్‌లోనే గడిచింది. 1972లో టెన్నిస్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆమె పేరు చేర్చారు. వింబుల్డన్‌కి వచ్చి ఆటలు చూడడం మానలేదు. ఈలోగా ఇంకో కాలిఫోర్నియా అమ్మాయి ఆ 19 వైపు నడుచుకుంటూ వస్తోంది. బిల్లీ జీన్ కింగ్, ఆనహైమ్ పక్కనే ఉన్న లాంగ్ బీచ్‌లో ఫైర్‌మన్ కూతురు. 1961లో 17 ఏళ్ళ వయసులో డబుల్స్‌తో మొదలుపెట్టి, 1975లో సింగిల్స్ గెలిచి 19కి చేరింది. రికార్డు సమానమైంది. ఇంకొక్కటి గెలిస్తే రయాన్ పేరు రెండో వరుసలోకి వెళ్తుంది. ఆ ఒక్కటి నాలుగేళ్ళు రాలేదు. 1976లో డబుల్స్ ఫైనల్ ఓడింది, 1978లో మిక్స్‌డ్ ఫైనల్ ఓడింది. తన రికార్డు పడిపోవడం తన కళ్ళతో చూడకూడదని రయాన్ అనుకునేదని చెప్పుకుంటారు. అలా అనుకున్నా తప్పు పట్టడానికి మాకు మనసు రావడం లేదు. పెళ్ళీ పిల్లలూ లేని ఆవిడ, 40 ఏళ్ళకు పైగా దగ్గర పెట్టుకున్నది ఆ అంకె.

1979లో కింగ్, మార్టినా నవ్రతిలోవాతో కలిసి డబుల్స్ ఫైనల్‌కి వచ్చింది. ఆ ఫైనల్ శనివారం, జులై 7న. ముందు రోజు శుక్రవారం మహిళల సింగిల్స్ ఫైనల్. 87 ఏళ్ళ రయాన్ ఆ శుక్రవారం వింబుల్డన్‌కి వచ్చింది. ఆ ఆవరణలోనే కుప్పకూలింది. ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది. మర్నాడు కింగ్, నవ్రతిలోవా మొదటి సెట్టు ఓడి కూడా తర్వాతి రెండూ 6-3, 6-2తో గెలిచారు. కింగ్‌కి అది 20వ టైటిల్.

పేపర్లలో రికార్డు పోయిందని రాశారు. మేము వేసే లెక్క కొంచెం వేరు. కింగ్ 20లో ఆరు సింగిల్స్, 14 డబుల్స్. 2003లో మన లియాండర్ పేస్‌తో మిక్స్‌డ్ గెలిచి 20కి చేరిన నవ్రతిలోవావి తొమ్మిది సింగిల్స్, 11 డబుల్స్. రయాన్ 19కి 19 డబుల్సే. మాథ్యూ పక్కన నిలబడి 1934లో గెలిచిన ఆ 12వ మహిళల డబుల్స్ టైటిల్‌ని వింబుల్డన్‌లో ఇంతవరకు ఎవరూ అందుకోలేదు.